గోల్ కొట్టని పదిమంది

ఫుట్‌బాల్ మ్యాచ్ నిడివి 90 నిమిషాలు. బంతి గీత దాటి బయటికి పోయిన సమయం, ఫౌళ్లు, గాయాలు, ఆటగాళ్ల మార్పులు తీసేస్తే బంతి నిజంగా ఆటలో ఉండేది సాధారణంగా గంటకు మించదు. ఆ గంటను మైదానంలోని 22 మందికి సమంగా పంచితే ఒక్కొక్కరి వాటాకు మూడు నిమిషాలైనా రావు. మిగతా సమయమంతా ప్రతి ఆటగాడూ, ఎంత పేరున్నవాడైనా, కాలి దగ్గర బంతి లేకుండానే ఆడాలి. ఖాళీ చూసి పరుగెత్తాలి, ప్రత్యర్థి దారి మూయాలి, తోటివాడు తడబడితే ఆ చోటికి తాను చేరాలి. ఈ చిన్న లెక్క తెలిశాక హైస్కూల్ జట్టులో గోల్ కొట్టని కుర్రాడినీ, ఎప్పుడూ వెనక వరసలోనే కనిపించే అమ్మాయినీ మనం చూసే చూపు మారాలి. "మావాడు టీములో ఉన్నాడు గానీ పెద్దగా ఆడడు" అని తల్లిదండ్రులు చిన్నబుచ్చుకుని చెప్పే మాటలో అంచనా తప్పింది. ఆ పిల్లవాడిని జట్టు దయతలిచి ఉంచుకోలేదు. జట్టు బలం ఎంతో చివరికి తేల్చేది అలాంటివాళ్లే. మంచి కథలు ఈ మాట చెబుతున్నాయి, ఆట లెక్కలు చెబుతున్నాయి, కెనడాలోని బ్రాంప్టన్ నగరం ఫుట్‌బాల్‌కు ఇచ్చిన మనుషుల జీవితాలూ చెబుతున్నాయి.

బ్రాంప్టన్ టొరంటోకు వాయవ్యంగా, పీల్ ప్రాంతంలో ఉంది. 2021 జనగణన ప్రకారం ఇక్కడి జనాభా 6,56,480. అందులో సగానికి పైగా దక్షిణాసియా మూలాలున్నవారే. పంజాబీలు, గుజరాతీలు, తమిళులతో పాటు తెలుగు కుటుంబాలూ ఇక్కడ స్థిరపడ్డాయి. క్రికెట్ చూస్తూ పెరిగిన తండ్రికి తొమ్మిదో తరగతిలో చేరిన బిడ్డ సాకర్ జట్టుకు ఎంపికయ్యానని చెబితే సంతోషమే. కానీ క్రికెట్‌లో ప్రతి ఒక్కరి పేరు పక్కనా పరుగులో వికెట్లో కనిపిస్తాయి. ఫుట్‌బాల్‌లో ఒక లెఫ్ట్ బ్యాక్ మ్యాచ్ అంతా చక్కగా ఆడినా స్కోరుబోర్డు మీద ఏమీ మిగలదు. పీల్ పాఠశాలల పోటీల్లో నెగ్గిన జట్లు ఒంటారియో పాఠశాలల క్రీడా సమాఖ్య నిర్వహించే ప్రావిన్స్ స్థాయి పోటీలకు వెళతాయి. అక్కడా గుర్తుండేది గోల్ కొట్టినవాళ్ల పేర్లే. అందుకే "గోల్ కొట్టావా?" అన్నది ఇంట్లో మొదటి ప్రశ్న అవుతుంది. కొట్టలేదంటే "మరెందుకీ ఆట?" అన్నది రెండోదవుతుంది. ఆ రెండో ప్రశ్నకు సరైన జవాబు ఉంది. దాన్ని కల్పిత కథల నుంచి మొదలుపెట్టి వెతకడం మేలు. ఎందుకంటే పిల్లల మనసులో జట్టు అన్న ఊహను ముందుగా గీసేవి అవే.

పాఠశాల ఫుట్‌బాల్ కథల్లో ప్రపంచమంతా తిరిగినది జపాన్ చిత్రకథ 'కెప్టెన్ సుబాసా'. యోయిచి తకహాషి దీన్ని 1981లో ఒక వారపత్రికలో మొదలుపెట్టారు. కథానాయకుడు సుబాసా పుట్టుకతోనే ప్రతిభావంతుడు. అతని పక్కన ఇషిజాకి అనే కుర్రాడుంటాడు. వాళ్ల కుటుంబం ఊళ్లో స్నానశాల నడుపుతుంది. సుబాసా ఆ బడికి రాకముందు జట్టు కెప్టెన్ ఇషిజాకే, కానీ ఆట అంతంతమాత్రం. తనకన్నా ఎన్నో రెట్లు గొప్పవాడు వచ్చినప్పుడు అతను అలిగి వెళ్లిపోడు. రక్షణ వరసలోకి మారతాడు. దూసుకొచ్చే బంతికి ముఖాన్నే అడ్డుపెట్టి గోల్ ఆపడం అతని గుర్తుగా మారుతుంది. మెరుపు షాట్లు, గాలిలో విన్యాసాలు నిండిన ఆ కథలో మామూలు పిల్లవాడు తనను తాను చూసుకోగలిగిన పాత్ర అదే. బడి జట్టుతో మొదలైన ఇషిజాకి, కథ సాగేకొద్దీ, జాతీయ యువజన జట్టు దాకా చేరతాడు. తకహాషి పుట్టి పెరిగిన టోక్యోలోని కత్సుషికా ప్రాంతంలో ఈ కథలోని పాత్రలకు కంచు విగ్రహాలు పెట్టారు. వాటిలో సుబాసా విగ్రహంతో పాటు ఇషిజాకిదీ ఉంది. గోల్స్‌తో కాక గోల్స్ ఆపడంతో పేరు తెచ్చుకున్న ఒక కల్పిత కుర్రాడిని జనం ఇంతగా గుర్తుపెట్టుకున్నారంటే, ఆ పాత్రలో వాళ్లకు తెలిసిన నిజం ఉన్నట్టే.

రెండో కథ చీకటిది. 2021లో అమెరికాలో ప్రసారం మొదలైన 'ఎల్లోజాకెట్స్' ధారావాహిక న్యూజెర్సీలోని ఒక కల్పిత హైస్కూల్ అమ్మాయిల సాకర్ జట్టు గురించి. 1996లో జాతీయ పోటీలకు వెళుతున్న ఆ జట్టు విమానం కెనడా అడవుల్లో కూలిపోతుంది. కథలో ఎక్కువ భాగం ఆ తర్వాతి బతుకు పోరాటమే. కానీ ఈ వ్యాసానికి కావలసింది విమానం ఎక్కకముందు జరిగినది. జట్టులో ఆలీ అనే చిన్న తరగతి అమ్మాయి ఉంటుంది, అందరిలోకీ బలహీనమైన ఆటగత్తె. ఆమె వల్ల జాతీయ పోటీల్లో ఓడిపోతామని టైసా అనే పెద్దమ్మాయి భయపడుతుంది. ఆలీకి బంతి అందకుండా చేద్దామని తోటివాళ్లను కూడగడుతుంది. సాధనలో ఆమె మీదికి మొరటుగా దూసుకెళ్తుంది, ఆలీ కాలు విరుగుతుంది. అడవిలో ఆ జట్టు విచ్ఛిన్నమవడానికి బీజం అప్పుడే పడింది. బలహీనురాలిని ఏరివేస్తే మిగిలినవాళ్లు బలపడతారన్న నమ్మకం అది. ఇషిజాకి జట్టు బలహీనుడిని నిలబెట్టుకుంది, ఆలీ జట్టు వదిలించుకుంది. ఏ జట్టు ఎలా ముగిసిందో రెండు కథలూ దాచకుండా చూపించాయి.

కథల తీర్పును లెక్కలు కూడా బలపరుస్తున్నాయి. క్రిస్ ఆండర్సన్, డేవిడ్ సాలీ అనే ఇద్దరు పరిశోధకులు 2013లో 'ది నంబర్స్ గేమ్' అనే పుస్తకం వెలువరించారు. యూరప్ లీగుల గణాంకాలను పరిశీలించి వాళ్లు చేరిన ముఖ్యమైన నిర్ణయం ఇది: ఫుట్‌బాల్ జట్టు ఫలితాలను మెరుగుపరచాలంటే అత్యుత్తమ ఆటగాడి స్థాయిని ఇంకాస్త పెంచడం కన్నా అందరికన్నా వెనకబడిన ఆటగాడి స్థాయిని పెంచడం వల్ల ఎక్కువ లాభం. కారణం ఆట స్వభావంలోనే ఉంది. బాస్కెట్‌బాల్‌లో ఒక జట్టుకు ఐదుగురే, పాయింట్లు పదుల్లో వస్తాయి. ఒక మేటి ఆటగాడు దాదాపు ప్రతి దాడిలోనూ చెయ్యి వేయగలడు. ఫుట్‌బాల్‌లో పదకొండు మంది, గోల్స్ ఒకటో రెండో. ఒక గోల్ పుట్టాలంటే సాధారణంగా వరసగా కొన్ని పాస్‌లు కుదరాలి, ఒక్కటి తప్పినా దాడి అక్కడితో ఆగిపోతుంది. ఒక గోల్ పోవడానికి మాత్రం ఒక్కరి ఒక్క తప్పు చాలు. చెరువు కట్ట మైలు పొడవునా గట్టిగా ఉన్నా, నీళ్లు పోయేది గండి పడ్డ జానెడు చోటు నుంచే. ప్రత్యర్థి కోచ్ కూడా మీ జట్టులో ఆ జానెడు చోటు ఎక్కడుందో చూసి అటే దాడులు మళ్లిస్తాడు. కాబట్టి ఆలీని గట్టిపరచడం టైసా జట్టు చేయవలసిన మొదటి పని.

ఇప్పుడు బ్రాంప్టన్ సాక్ష్యం చూద్దాం. కెనడా పురుషుల జట్టు 1986 తర్వాత మళ్లీ ప్రపంచకప్‌కు అర్హత సాధించడానికి 36 ఏళ్లు పట్టింది. ఆ దేశపు అతిపెద్ద తార, బాయర్న్ మ్యూనిక్‌కు ఆడే అల్ఫాన్సో డేవిస్, కొవిడ్ తర్వాత గుండె కండరాల వాపు రావడంతో 2022 ఆరంభంలో అర్హత పోటీలకు దూరమయ్యాడు. అతను లేకుండా జనవరి 27 నుంచి ఫిబ్రవరి 2 వరకు కెనడా మూడు మ్యాచ్‌లు ఆడింది. హోండురాస్, అమెరికా, ఎల్ సాల్వడార్ మూడింటినీ 2-0తోనే ఓడించింది. అమెరికాపై మొదటి గోల్ బ్రాంప్టన్ కుర్రాడు సైల్ లారిన్‌ది, రెండోది డిఫెండర్ సామ్ అడెకుగ్బేది. ఎల్ సాల్వడార్‌పై మొదటి గోల్ బ్రాంప్టన్‌లోనే పుట్టిన కెప్టెన్ అతీబా హచిన్సన్‌ది. మార్చి 27న టొరంటోలో జమైకాపై 4-0 గెలుపుతో ప్రపంచకప్ ఖాయమైంది. ఆ నాలుగింటిలో ఒకటి జమైకా సొంత గోల్. మిగిలిన మూడూ లారిన్, టేజన్ బుకానన్, జూనియర్ హోయ్‌లెట్ కొట్టారు. ముగ్గురూ బ్రాంప్టన్‌తో అనుబంధం ఉన్నవాళ్లే. ఈ ఫలితాలు డేవిస్ గొప్పదనాన్ని తగ్గించవు. ఒక తార పక్కకు తప్పుకున్నప్పుడు కూడా కూలిపోని జట్టే నిజమైన జట్టు అని చూపిస్తాయి.

హచిన్సన్ ఆటజీవితం ఈ వాదనకు అన్నిటికన్నా నిండైన ఉదాహరణ. ట్రినిడాడ్ నుంచి వలస వచ్చిన కుటుంబంలో 1983లో పుట్టిన అతను మిడ్‌ఫీల్డర్. బంతిని ప్రత్యర్థి కాళ్ల నుంచి లాక్కుని తోటివాడికి అందించడం అతని పని. స్వీడన్, డెన్మార్క్, నెదర్లాండ్స్ లీగుల మీదుగా 2013లో టర్కీలోని బెసిక్తాష్‌కు చేరి పదేళ్లు ఆడాడు, మూడు లీగ్ టైటిళ్లలో పాలుపంచుకున్నాడు. ఎటు నుంచి వచ్చి బంతి తీసుకుంటాడో తెలియని పొడుగు కాళ్లను చూసి అక్కడి అభిమానులు అతన్ని ఆక్టోపస్ అని పిలుచుకున్నారు. ప్రపంచకప్‌లో క్రొయేషియాతో మ్యాచ్‌తో కెనడా పురుషుల జట్టుకు 100 మ్యాచ్‌లు ఆడిన మొదటి ఆటగాడయ్యాడు, అప్పటికి అతని వయసు 39. ఆ వందకు పైగా మ్యాచ్‌లలో అతని గోల్స్ పదికి చేరలేదు. అయినా కెనడా అతన్ని ఆరుసార్లు దేశపు ఉత్తమ ఆటగాడిగా ఎన్నుకుంది. గోల్స్ లెక్కతోనే ఆటగాడిని తూచితే హచిన్సన్ కనిపించడు. ఆట తెలిసినవాళ్లు తూచినప్పుడు అతనే ముందున్నాడు.

అమ్మాయిల జట్టు సాక్ష్యం ఇంకా స్పష్టంగా ఉంది. బ్రాంప్టన్‌లో పెరిగిన కడీషా బుకానన్ డిఫెండర్, 2015 మహిళల ప్రపంచకప్‌లో ఉత్తమ యువ క్రీడాకారిణి పురస్కారం పొందింది. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో ఆమె రక్షణ వరసలో నిలిచిన కెనడా జట్టు స్వర్ణం గెలిచింది. నాకౌట్ దశలో ఆ జట్టు ప్రయాణం చూడండి. బ్రెజిల్‌తో 0-0, పెనాల్టీ షూటౌట్‌లో గెలుపు. అమెరికాపై 1-0, ఆ ఒక్క గోల్ పెనాల్టీ. ఫైనల్‌లో స్వీడన్‌తో 1-1, ఆ గోల్ కూడా పెనాల్టీయే, మళ్లీ షూటౌట్‌లో గెలుపు. మూడు మ్యాచ్‌లలో, అదనపు సమయంతో కలిపినా, పెనాల్టీ కాకుండా ఆట నడుస్తుండగా కెనడా ఒక్క గోల్ కూడా కొట్టలేదు. ప్రత్యర్థులకు ఇచ్చిందీ ఒక్కటే. ఆ బంగారు పతకాన్ని రక్షణ వరస, గోల్‌కీపర్ కలిసి మోశారు.

మన నేల మీద ఈ సత్యాన్ని ఎంతో ముందే గ్రహించినవారు హైదరాబాద్‌కు చెందిన సయ్యద్ అబ్దుల్ రహీమ్. బడిపంతులుగా పనిచేసిన ఆయన శిక్షణలో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 వరకు వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. భారత జట్టు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణం తెచ్చింది. బంతిని ఒక్కడే అట్టిపెట్టుకుని డ్రిబుల్ చేయడం నిషేధించి, అందిన వెంటనే పాస్ ఇచ్చి తీరాలన్న నిబంధనతో ఆయన పోటీలు పెట్టించారు. ప్రతి ఒక్కరూ ఇంకొకరికి ఆసరాగా ఆడడం అలవాటు కావాలన్నదే దాని ఉద్దేశం. జకార్తా ఫైనల్‌లో దక్షిణ కొరియాపై 2-1 గెలుపులో ఒక గోల్ కొట్టినవాడు జర్నైల్ సింగ్, అసలు పనికి డిఫెండర్. అంతకుముందు ఒక మ్యాచ్‌లో తలకు తగిలిన గాయానికి కుట్లు పడితే రహీమ్ అతన్ని ముందు వరసలో నిలబెట్టారు. అదే జట్టులో సికింద్రాబాద్ దగ్గరి అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం ఉన్నాడు. ఆ జట్టు తారలు పి.కె. బెనర్జీ, చునీ గోస్వామిలతో సమంగా ఆడినవాడని ఆట ఎరిగినవారు చెబుతారు. ఆ ఇద్దరికీ పద్మశ్రీ దక్కింది. బలరాంకు అది రాకుండానే 2023 ఫిబ్రవరిలో ఆయన కన్నుమూశాడు. తోడు నిలిచినవాడిని మరిచిపోవడం మనకు కొత్త జబ్బు కాదు. దాన్ని పిల్లల తరానికి అంటించకూడదు.

దీనికి గట్టి అభ్యంతరాలే ఉన్నాయి. మొదటిది, చివరికి గెలిపించేది తారలే కదా అన్నది. 2022లో కెనడా పురుషుల తరఫున ప్రపంచకప్ చరిత్రలో తొలి గోల్ కొట్టింది డేవిసే. ఆ ఏడాది అతను లేని అర్హత మ్యాచ్‌లు ఆరు. వాటిలో కోస్టారికా, పనామాల చేతిలో 1-0తో రెండు ఓటములూ ఉన్నాయి. ఈ అంకెలు కొద్దివే, వాటితోనే సిద్ధాంతం కట్టలేమన్న మాట నిజం. కానీ ఆ ఆరు మ్యాచ్‌లలో కెనడా 10 గోల్స్ కొట్టి ఇచ్చినవి రెండే. డేవిస్ తిరిగి వచ్చిన ప్రపంచకప్‌లో బెల్జియం, క్రొయేషియా, మొరాకో మూడింటి చేతిలోనూ ఓడింది. అక్కడి ప్రత్యర్థులు ఎంతో బలమైనవాళ్లు, ఓటమి డేవిస్ తప్పు కానే కాదు. తార అవసరమే, తార ఒక్కడే సరిపోడు అన్నంత వరకే నా వాదన. ఆట నిబంధనలు కూడా అటే నడిచాయి. 1970కి ముందు ప్రపంచకప్‌లో ఆటగాడిని మార్చే వీలే లేదు. తర్వాత ఇద్దరు, ఆపైన ముగ్గురు, ఇప్పుడు ఐదుగురిని మార్చవచ్చు. బెంచీ మీద కూర్చున్నవాడి వంతు పెరుగుతూనే ఉంది.

రెండో అభ్యంతరం తల్లిదండ్రులది, అది నిజాయితీ గలది. బిడ్డ తార కాలేడని తేలిపోయాక ఆ గంటలు చదువుకు పెట్టుకోవచ్చు కదా అంటారు. దేశం కాని దేశంలో కష్టపడి నిలదొక్కుకున్నవారి భయాన్ని తేలిగ్గా తీసిపారేయకూడదు. కానీ ఈ లెక్క ఆటను కేవలం ఉద్యోగానికో స్కాలర్‌షిప్‌కో మెట్టుగా చూస్తోంది. ఆ మెట్టు ఎలాగూ కొద్దిమందికే అందుతుంది. లారిన్ అమెరికాలో కాలేజీ ఫుట్‌బాల్ ఆడి 2015లో అక్కడి లీగ్ ఎంపికల్లో మొదటి స్థానం పొందాడు. అతని హైస్కూల్ తోటి ఆటగాళ్లందరూ ఆ దారిన పోలేదు, పోలేరు కూడా. సహాయక ఆటగాడికి దక్కేది వేరు. ఎదుటివాడి తప్పును విసుక్కోకుండా సర్దడం, పేరు రాకపోయినా పని పూర్తిచేయడం, తన వంతు వచ్చేదాకా సిద్ధంగా ఉండడం అతనికి ప్రతి వారం అభ్యాసమవుతాయి. రేపు ఆఫీసులోనైనా ఆసుపత్రిలోనైనా తోటివారు ఇష్టపడి కలిసి పనిచేసే మనిషి ఇలాగే తయారవుతాడు. పైగా కొత్త ఊరికి, కొత్త బడికి వచ్చిన పిల్లకు స్నేహితులు ఏర్పడే దారుల్లో జట్టు ఒకటి. అందులో చోటు దొరికినప్పుడు గోల్ రాలేదని బయటికి లాగడం ఆ స్నేహాలనూ తెంచడమే.

మూడో అభ్యంతరం అన్నిటికన్నా లోతైనది. వలస కుటుంబాల పిల్లలకు "వెనక వరసలో ఉండు, తోడుగా ఉండడమే గొప్ప" అని నేర్పితే వాళ్లను చిన్న స్థానానికి అలవాటు చేసినట్టు కాదా? అవకాశం ఇవ్వకుండా పక్కన పెట్టడం, పాత్రను ఎంచుకుని బాధ్యతగా ఆడడం రెండూ వేర్వేరు. మొదటిదాన్ని ఎదిరించాలి, రెండోదాన్ని గౌరవించాలి. వలస కుటుంబం నుంచి వచ్చిన హచిన్సన్ ఆ పాత్రలో ఉంటూనే దేశానికి కెప్టెన్ అయ్యాడు. సహాయక స్థానం మెట్ల చివర కాదు, అక్కడి నుంచే నాయకత్వం పుట్టవచ్చు. అయితే ఈ మాటకు అర్థం ఉండాలంటే కోచ్ తన వంతు చేయాలి. వెనకబడిన పిల్లకు మాటలతో ఊరట చెబితే చాలదు. సాధనలో ఎక్కువ సమయం ఆమెకే ఇవ్వాలి, మ్యాచ్‌లో నిజమైన నిమిషాలు ఇవ్వాలి, ఆమె ఏం మెరుగుపరచుకోవాలో స్పష్టంగా చెప్పాలి. అలా చేయని జట్టు ఆ పిల్లను పొగిడినా మోసం చేసినట్టే.

తెలుగులో ఆటల సినిమాలు కొన్ని మంచివి వచ్చాయి. కానీ వాటిలో చాలావరకు ఒక్క కథానాయకుడి గెలుపు కథలే. పాస్ అందించినవాడి పేరు సినిమా అయ్యేసరికి మరిచిపోతాం. మన రచయితలు ఒక బడి జట్టు కథ రాస్తే ఈసారి డిఫెండర్‌ను పూర్తి మనిషిగా రాయాలి. అతనికి ఇల్లు, భయం, పట్టుదల ఇవ్వాలి. పిల్లలు తమను తాము పోల్చుకునేది ఎక్కువగా అలాంటి పాత్రలతోనే. 2026 ప్రపంచకప్ వేదికల్లో టొరంటో కూడా ఒకటి. బ్రాంప్టన్ పిల్లలకు ఆ ఆట ఇప్పుడు ఇంటి పక్కదే. ఆ ఊరి తెలుగు తల్లిదండ్రులకైనా, ఇక్కడ నిజామాబాద్‌లోనో విజయనగరంలోనో బడి మైదానం పక్కన నిలబడిన తల్లిదండ్రులకైనా ఒకటే విన్నపం. ఈ వారం మ్యాచ్ అయ్యాక "గోల్ కొట్టావా?" అని అడగకండి. "ఇవాళ ఎవరికి పాస్ ఇచ్చావు, ఎవరి చోటు కాపాడావు?" అని అడగండి, బిడ్డ చెప్పేదాకా ఆగి వినండి. జట్టులో పిల్లవాడి అసలు పని గురించి ఇంట్లో జరిగే మొదటి మాట అదే అవుతుంది.